పెట్టెలో ప్లగ్గు లేదు: ఓవెన్‌కి కరెంటు లైను వెనక ఉన్న లెక్క

నెల్లూరు మూలాపేటలో ఉండే మా పెద్దమ్మ కూతురు ఓ సాయంత్రం ఫోను చేసింది. "ఒరే తమ్ముడూ, కొత్త ఓవెను దిగింది. ప్లగ్గే లేదురా! వెనకమాల మూడు వైర్లు యాలాడతా ఉండాయి. కంపినీవోళ్ళు మర్చిపొయినట్టుండారు. వస్తా వస్తా ఒక పెద్ద ప్లగ్గు తెచ్చి తగిలించి పోరాదూ?"

వాళ్ళేమీ మర్చిపోలేదు. వంటింటి అలమరలో బిగించే పెద్ద ఓవెన్లలో చాలావాటిని ప్లగ్గు లేకుండానే పంపుతారు. ఉన్న సాకెట్లో గుచ్చొద్దు, విడిగా లైను లాగించండి, ఫేజునీ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌నీ (అది తిరిగిపోయే వైరు) రెంటినీ ఒకేసారి తెంపే స్విచ్చు పెట్టించండి, పని తెలిసినవాడితో కలిపించండి అని దాని అర్థం. పెట్టెలో ఇచ్చిన పుస్తకంలో ఈ ముక్క రాసే ఉంటుంది. మనం అందులోంచి గ్యారంటీ కార్డు చించుకుని మిగతాది పాత పేపర్లలో కలిపేస్తాం.

ఇళ్ళ వైరింగు పనిలో నేను 20 ఏళ్ళ పైచిలుకు నుంచి ఉన్నాను. ఓవెన్ పెట్టాక కాలిన బోర్డులు, మాడిన సాకెట్లు చాలా చూశాను. అక్కడికి పోయి విప్పితే ఓవెన్ నిక్షేపంగా ఉండేది, తప్పు గోడలో ఉండేది. ప్లగ్గు మార్చడానికీ, ఎక్కువ కరెంటు పోతే తనంతట తానే పడిపోయే ట్రిప్పర్ మార్చడానికీ అందరూ సిద్ధమే, కంటికి కనపడతాయి కాబట్టి. పైపులో పడుకున్న వైరు ఎంత మందమో అడిగేవాళ్ళు మాత్రం అరుదు. ఇది చదివి స్క్రూడ్రైవరు పట్టుకోమని నేను చెప్పడంలేదు. ఆ పని పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్ చెయ్యాల్సిందే. వచ్చిన మనిషిని ఏం అడగాలో, అతను చెప్పే జవాబులో నిజమెంతో మీకు తెలియాలనే ఇదంతా.

ఏ ఓవెన్‌కైనా ముందు చూడాల్సింది వీపు. అక్కడో, తలుపు తెరిస్తే అంచునో, వాట్లు రాసిన చిన్న రేకు అంటించి ఉంటుంది. మన ఇంటి కరెంటు 230 వోల్టులు కాబట్టి ఆ వాట్లను 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతుందో వచ్చేస్తుంది. గట్టుమీద పెట్టుకునే చిన్న ఓవెన్, అదే ఓటీజీ, 2000 వాట్లది అనుకుంటే 8.7 ఆంపియర్లు. అక్క కొన్నది 3500 వాట్లు, అంటే 15.2. మైక్రోవేవ్ దగ్గర ఒక మెలిక ఉంది. ముందువైపు పెద్దక్షరాలతో రాసే 900 వాట్లు లోపలున్న కూరకి అందే శక్తి. గోడలోంచి అది లాగేది 1400 దాకా ఉంటుంది, కన్వెక్షన్ ఉన్నదైతే 2000 కూడా దాటొచ్చు. లెక్కకి పనికొచ్చేది వెనక రాసిన పెద్ద అంకె.

మిక్సీ కూడా 750 వాట్లు లాగుతుంది, కానీ మూడు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది. ఓవెన్ మొదటి పావుగంట పూర్తి బలంతో కాలుతుంది. ఆ తర్వాత వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పుణ్యమా అని ఆగుతూ వెలుగుతూ ఉంటుంది. మా అక్కలాగా ఒక ట్రే తియ్యగానే ఇంకో ట్రే పెట్టేవాళ్ళ దగ్గర, తలుపు తెరిచిన ప్రతిసారీ లోపలి వేడి బయటికి పోయి, మళ్ళీ పూర్తి బలంతో మొదలవుతుంది. గోడలోని వైరు ఒక్కసారిగా వేడెక్కదు. పైపు నిండా వేడి పేరుకోవడానికి టైము పడుతుంది. అందుకే "నిన్న పెట్టి చూశాం, పది నిమిషాలు బ్రహ్మాండంగా పనిచేసింది" అన్నమాటని నేను లెక్కలోకి తీసుకోను. గంటన్నర కాలనిచ్చి అప్పుడు బోర్డు మీద చెయ్యి పెట్టి చూడాలి.

గోడలో ఏముంది?

అక్క వాళ్ళది పాత మిద్దె. హాల్లో ఇప్పటికీ టేకు పట్టీల మీద లాగిన వైరింగే. వంటిల్లు మాత్రం తర్వాత పగలగొట్టి పైపులు వేయించారు. గట్టు పక్కన పెద్ద సాకెట్ ఉంది, దాని మొహాన 16 ఆంప్స్ అని అచ్చు. బోర్డు విప్పితే దాని వీపున వన్ ఫైవ్ వైరు, అంటే 1.5 చదరపు మిల్లీమీటర్లది, తగిలించి ఉంది. లైట్లకీ ఫ్యాన్లకీ వేసే వైరు అది. బయట పెద్ద బోర్డు, లోపల చిల్లర కొట్టు.

పైపులో లాగిన రాగి వైరు భరించగలిగేది ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది: 1.5కి 14, 15 ఆంపియర్లు, 2.5కి 20, 4కి 26. పాత మేస్త్రీలు ఇంకా త్రీ ట్వెంటీ, సెవెన్ ట్వెంటీ అని అడుగుతారు. 20వ గేజి పోగులు ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క అది. త్రీ ట్వెంటీ అంటే ఇప్పటి 2 చదరపు మిల్లీమీటర్లకి కొంచెం తక్కువ, సెవెన్ ట్వెంటీ అంటే 4.6. మేస్త్రీ "సెవెన్ ట్వెంటీ ఏశాలే" అంటే నిశ్చింతగా ఉండొచ్చు. త్రీ ట్వెంటీ అన్నాడా, పెద్ద ఓవెన్‌కి అది చాలదు.

చాలకపోతే ఏమవుతుంది? వైరులో పుట్టే వేడి కరెంటుకి వర్గంగా పెరుగుతుంది. అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. మీటరు పొడవు 1.5 వైరుకి 0.012 ఓముల నిరోధం ఉంటుంది. 15.2 ఆంపియర్లు పోతే మీటరుకి 2.8 వాట్లు వేడి. పోయే వైరు, వచ్చే వైరు రెండూ కలిపితే 5.6. డీబీ (ట్రిప్పర్లన్నీ ఉండే డబ్బా) నుంచి వంటింటికి 12 మీటర్ల దూరం అనుకోండి, మొత్తం 67 వాట్లు. పాతకాలం 60 వాట్ల బల్బుని పైపులో పెట్టి గోడకి సిమెంటు పూసేసినట్టు. అదే 4 వైరు వేస్తే 26 వాట్లకి దిగుతుంది.

మన ఎండల సంగతి దీనికి తోడు. ప్లాస్టిక్ తొడుగు ఉన్న మామూలు వైరు 70 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారు చేస్తారు. చుట్టూ 40 డిగ్రీలు ఉంటుందనుకుని దాని సామర్థ్యం రాస్తారు. రోహిణి కార్తెలో నెల్లూరులో బయటే 40 దాటిపోతుంది. ఎండ తగిలే స్లాబులో పైపు ఉంటే అందులో 50 అనుకోవడం పెద్ద విషయం కాదు. ఆ లెక్కన 20 ఆంపియర్ల వైరు 16కి దిగుతుంది, 26 వైరు 21కి దిగుతుంది. జనవరిలో వేసి చూసి బాగుందనుకున్న లైను మే నెలలో మెత్తబడేది ఇందుకే.

కొట్లో ఒక మాట తరచూ వినపడుతుంది: "ఇది ఎఫ్.ఆర్. వైరు సార్, కాలదు." ఎఫ్.ఆర్. అంటే మంట అంటుకుంటే దాన్ని పాకనివ్వదు, అంతే. ఎక్కువ కరెంటు మోస్తుందని కాదు. వైరు చుట్ట కొనేటప్పుడు ఐ.ఎస్. 694 అని ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందో లేదో చూడండి. చవగ్గా దొరికే చుట్టల్లో 2.5 అని రాసి లోపల అంత రాగి ఉండనివి కూడా వస్తాయి. విప్పి చూస్తే తొడుగు లావు, పోగులు సన్నం.

ట్రిప్పర్ ఎవరి కాపలా?

నెల్లూరులో ఎం.సి.బి.ని అందరూ ట్రిప్పర్ అంటారు. అది పడిపోతే వెంటనే వచ్చే ఆలోచన, దాన్ని పీకి పెద్దది పెట్టడం. 16 పడుతోందా, 32 వేసెయ్. పడటం ఆగిపోతుంది, నిజమే. రాత్రి మొరిగి నిద్ర చెడగొడుతోందని కుక్కని తోలేసినట్టు.

ట్రిప్పర్ కాపలా కాసేది గోడలోని వైరుని. దాని మీద రాసిన అంకె దాటగానే టక్కున పడిపోతుందని చాలామంది అనుకుంటారు, అదొక భ్రమ. ఇళ్ళలో వాడే ఎం.సి.బి.లకి ఒక ప్రమాణం ఉంది. రాసిన అంకెకి 1.13 రెట్ల దాకా గంటసేపు పడకూడదు, 1.45 రెట్లు పోతే గంటలోపు పడితీరాలి. 16ది 18 ఆంపియర్లని గంటసేపు మొయ్యొచ్చు, 23 దగ్గర పడటానికి గంట తీసుకోవచ్చు. అదే 32ది పెడితే 36 ఆంపియర్లు పోతున్నా గంటసేపు కదలదు. ఆ 36ని మోస్తున్నది వెనకున్న 15 ఆంపియర్ల వన్ ఫైవ్ వైరు. తొడుగు మెత్తబడి, ఫేజూ న్యూట్రలూ ఒకదాన్నొకటి తాకాక అప్పుడు పడుతుంది ట్రిప్పర్. అప్పటికి మిగిలేది మసి.

కాబట్టి లెక్క ఎప్పుడూ ఒకే వరసలో పోవాలి. ఓవెన్ లాగే ఆంపియర్లు, దాని కంటే ట్రిప్పర్ అంకె కాస్త ఎక్కువ, దాని కంటే వైరు మోసేది ఎక్కువ. అక్క ఓవెన్ 15.2 ఆంపియర్లు. 16 ట్రిప్పర్ సరిపోతుందిగా అంటే కాగితం మీద సరిపోతుంది. రాత్రిళ్ళు వోల్టేజి 245కి పోయిందంటే అదే ఓవెన్ 16.2 లాగుతుంది. పైగా ట్రిప్పర్‌ని 30 డిగ్రీల దగ్గర సరిచూస్తారు. ఎండాకాలం డీబీ డబ్బాలో ఆ వేడికి అది ఇంకా ముందే పడుతుంది. అందుకని 20ది పెట్టి, మండే వేసవిలోనూ 21 మొయ్యగలిగే 4 వైరు వేశాం. 2000 వాట్ల ఓటీజీకి ఇంత అక్కర్లేదు. విడిగా ఒక 2.5 లైను, 16 ట్రిప్పర్, అసలైన 16 ఆంప్స్ సాకెట్ ఉంటే చాలు. "విడిగా" అన్న మాట మర్చిపోవద్దు. అదే పాయింటు మీద 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి కూడా నడిపితే 17.4 ఆంపియర్లు అయిపోతుంది.

ఓటీజీ కొన్నవాళ్ళు చేసే ఇంకో పని, లావు పిన్నుల ప్లగ్గుని చిన్న సాకెట్లో దూర్చడానికి కన్వర్షన్ ప్లగ్గు తేవడం. పిన్నులు లావుగా చేసిందే అందులో దూరకూడదని. ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతీ అంతే. సెల్‌ఫోను ఛార్జర్లకి చేసిన సన్నటి తీగ అది.

వైరు సరిగ్గా ఉన్నా ముడి సరిగ్గా లేకపోతే ఫలం లేదు. సాకెట్ స్క్రూ కింద వైరు వదులుగా ఉండి, అక్కడ ఓములో పదో వంతు నిరోధం పుట్టిందనుకుందాం. 15.2 ఆంపియర్లు పోతుంటే ఆ ఒక్క చుక్క దగ్గర 23 వాట్ల వేడి. రేడియోలు బాగుచేసేవాళ్ళ సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది ఉంటుంది, పోల్చుకోండి. ట్రిప్పర్‌కి ఇది కనపడదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. ముక్కుకి మాత్రం తెలుస్తుంది, చేపలు కుళ్ళిన వాసనలాంటిది వస్తుంది. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలికి ఇత్తడి స్క్రూలు కూడా చిలుమెక్కిపోతాయి. అక్కడ ఏడాదికోసారి బోర్డు విప్పి స్క్రూలు బిగించడం నేను తప్పనిసరి చేయిస్తాను. పాత ఇళ్ళలో అల్యూమినియం వైరు ఉంటే దానికి రాగి తీగని మెలేసి టేపు చుట్టడం అన్నిటికంటే ప్రమాదం. అల్యూమినియం మీద పేరుకునే పొర కరెంటుని పోనివ్వదు, ముడి రోజురోజుకీ వేడెక్కుతుంది. అలాంటి చోట కొత్త రాగి లైను డీబీ నుంచి వంటింటి దాకా మధ్యలో ముడి లేకుండా రావాలి.

మనిషిని కాపాడేది ఏది?

ఇప్పటిదాకా చెప్పిందంతా వైరు గురించి. మనిషి సంగతి వేరే లెక్క. తడి చేతులతో ఉన్న మనిషి ఒంటి నిరోధం 1500 ఓములు అనుకుంటే 230 వోల్టులు తగిలినప్పుడు ఒంట్లోంచి పోయేది 0.15 ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అది చాలు. 16 ఆంపియర్ల ట్రిప్పర్‌కి అది వందో వంతు కూడా కాదు, దాని దృష్టిలో ఒక చిన్న బల్బు వెలుగుతున్నట్టు. "ట్రిప్పర్ ఉందిగా, షాకు కొట్టదు" అనేవాళ్ళకి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలనుకుంటాను.

ఓవెన్ ఒళ్ళంతా ఇనుము. లోపల ఫేజు తగిలితే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి ఎర్తు వైరు ఉంది. దాన్ని దించిన గుంత బాగుంటేనే ఉపయోగం. గుంత నిరోధం 20 ఓములు ఉందనుకోండి. ఫేజు ఓవెన్ ఒంటికి తగిలినా భూమిలోకి పోయే కరెంటు 230 భాగించు 20, అంటే 11.5 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తు నిరోధం కూడా కలిపితే ఇంకా తక్కువ. 16 ట్రిప్పర్ పడదు. ఓవెన్ ఒళ్ళు కరెంటుతో అట్లాగే ఉంటుంది, ఎర్తు "ఉన్నా" కూడా.

ఇక్కడ మన నేలల తేడా పనిచేస్తుంది. కోస్తా పల్లెల్లో ఇసక కింద ఉప్పునీటి తడి ఉంటుంది, ఎర్తు బాగా పడుతుంది, కానీ జి.ఐ. పైపుని (జింకు పూత ఉన్న ఇనప పైపు) ఆ ఉప్పే కొన్నేళ్ళలో తినేస్తుంది. చీమకుర్తి, పొదిలి, కనిగిరి వైపు నాలుగడుగులు తవ్వితే రాయి, లేకపోతే ఎండిన గరప నేల. ఓవెన్ పెట్టుకునే గట్టుకి నల్లటి గెలాక్సీ గ్రానైటు ఆ చీమకుర్తి నుంచే తెచ్చుకుంటాం. గట్టుకి అందం తెచ్చిన రాయే ఎర్తు గుంతకి అడ్డం పడుతుంది. బొగ్గూ ఉప్పూ వేసి, రెండున్నర మీటర్ల పైపు దించి, ఎండాకాలం వారానికోసారి బిందెడు నీళ్ళు పొయ్యమని పెద్దలు చెప్పింది చాదస్తం కాదు. తడి ఆరితే నిరోధం పెరుగుతుంది.

ఎర్తు బాగుందని చూపించడానికి చాలామంది ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల బల్బు వెలిగిస్తారు. "చూడండి సార్, ధగధగలాడతా ఉండాది." 100 వాట్ల బల్బు లాగేది 0.43 ఆంపియర్లు. 20 ఓముల గుంతలో అది పోగొట్టుకునేది తొమ్మిది వోల్టులు కూడా ఉండదు, కాబట్టి చెడ్డ ఎర్తు మీదా ధగధగలాడుతుంది. ఎర్తు టెస్టర్ పెట్టి ఓములు చదివించుకోవాలి. ఇంకొందరు పాత కొళాయి పైపుకి ఎర్తు కట్టి ఉంటారు. వీధిలో ఇనప పైపు తీసి ప్లాస్టిక్ వేసిన రోజునే ఆ ఎర్తు చచ్చిపోయింది, ఇంట్లోవాళ్ళకి కబురు అందలేదు. అన్నిటికంటే ఘోరం సాకెట్లోనే న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకి చిన్న ముక్క కలపడం. బయట ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, ఓవెన్ ఒంటి మీదికి నేరుగా 230 వచ్చి కూర్చుంటుంది.

చెడ్డ ఎర్తు ఉన్నచోట ఆదుకునేది ఆర్.సి.సి.బి. పోయే కరెంటునీ తిరిగొచ్చే కరెంటునీ అది పోల్చి చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనపడితే 0.3 సెకన్లలోపే తెంపేస్తుంది. 20 ఓముల గుంత దానికి ఒక లెక్కా కాదు. 11.5 ఆంపియర్లు అవసరం లేదు, అందులో సుమారు నాలుగు వందల్లో ఒక వంతు చాలు. దానికీ హద్దులున్నాయి. ఎక్కువ లోడు పడితే అది పట్టించుకోదు, ఆ పని ట్రిప్పర్‌ది. ఒక చేత్తో ఫేజునీ ఇంకో చేత్తో న్యూట్రల్‌నీ పట్టుకుంటే దానికి తేడా కనపడదు. అందుకే రెండూ కావాలి. రెండూ కలిపి ఒకే డబ్బాలో వచ్చే ఆర్.సి.బి.ఓ. అక్క లైనుకి వేశాం. ఇంటి మొత్తానికి ఒకటే పెడితే ఫ్రిజ్జు, ఏసీ, కంప్యూటర్ అన్నిటి చిల్లర లీకులూ పోగై, చివర ఓవెన్ మీద నింద పడుతుంది. మూడు నెలలకోసారి దాని మీది టెస్ట్ బొత్తం నొక్కి చూడండి.

డిసెంబరు ఫోన్లు

ఏటా డిసెంబరులో నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. క్రిస్మస్ కేకుల కోసం అటక మీది ఓటీజీ దించుతారు, స్విచ్చు వేస్తారు, ఇల్లంతా చీకటి. అప్పటికి అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల ముసురు. నెల్లూరుకి వానల్లో పెద్ద వాటా అదే కదా. ఓవెన్ కాలే గొట్టంలో తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లటి పొడి నింపి ఉంటుంది. అది తేమని పీల్చుకుంటుంది. తడిసిన పొడిలోంచి కొన్ని మిల్లీ ఆంపియర్లు ఓవెన్ ఒంటికి జారతాయి, ఆర్.సి.సి.బి. తన పని తాను చేస్తుంది. ఒక ఇంట్లో నాకంటే ముందు వచ్చినాయన ఆర్.సి.సి.బి.నే పక్కకి తప్పించి నేరుగా కలిపేసి పోయాడు. కేకు ఉడికింది. నేను పోయేదాకా ఆ ఇంట్లో పిల్లల గీజరుకి కూడా ఏ రక్షణా లేదు.

అలాంటప్పుడు చెయ్యాల్సింది, ప్లగ్గు పీకి ఓవెన్‌ని తలుపు తెరిచి రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరబెట్టడం. అప్పటికీ పడితే సర్వీసు మనిషి చేత మెగ్గర్ (కరెంటు లీకు కనిపెట్టే మీటరు) పెట్టించి చూడాలి, గొట్టం మార్చాల్సి రావచ్చు. కొందరు ఇంకో వింత చెబుతారు: "స్విచ్చు ఆపేసే ఉండాదయ్యా, అయినా పడతా ఉండాది!" అదీ నిజమే. మామూలు సాకెట్ స్విచ్చు ఫేజుని మాత్రం తెంపుతుంది. న్యూట్రల్ వైపు తీగ ఒంటికి తగిలి ఉంటే, ఇంట్లో వేరే లోడు నడుస్తున్నప్పుడు న్యూట్రల్ కరెంటులో కొంత ఆ దారిన భూమిలోకి మళ్ళుతుంది. ప్లగ్గు పీకితేనే ఆగుతుంది. పెద్ద ఓవెన్‌కి ప్లగ్గు ఉండదు కాబట్టే రెండు వైర్లనీ తెంపే డి.పి. స్విచ్చు అడిగేది.

మన ఇళ్ళలో ఇంకో కొత్త చిక్కు, అమెరికాలో ఉన్న పిల్లలు పంపే సామాను. అక్కడి గట్టుమీద ఓవెన్లు 120 వోల్టులవి. ఇక్కడ గుచ్చితే వాట్లు 3.7 రెట్లు పెరిగి కాసేపట్లో మసైపోతాయి. అక్కడి పెద్ద ఓవెన్‌కి 240 వోల్టులే కదా అని ధైర్యం చేస్తారు. కానీ ఆ 240 రెండు ఫేజు వైర్ల మధ్య వచ్చేది, లోపలి దీపం, గడియారం లాంటివి అందులో సగంతో నడిచేలా ఉంటాయి. రంగులు చూస్తే ఇంకా తిరకాసు. మన పాత వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. అమెరికాలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. ఇక్కడ అమ్మే ఓవెన్ తీగలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు గీత ఎర్తు. రంగుని నమ్మి కలపడం కంటే టెర్మినల్ పక్కన ఉన్న గుర్తు చదవడం మేలు.

లో వోల్టేజికి ఓవెన్ కాలిపోతుందని భయపడి పెద్ద స్టెబిలైజర్ కొన్నవాళ్ళు కూడా ఉన్నారు. మోటారుకి ఆ భయం సబబే. కాలే గొట్టానికి మాత్రం వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది, వాట్లు ఇంకా ఎక్కువ తగ్గుతాయి. 190 వోల్టులకి 2000 వాట్ల ఓటీజీ 1365 వాట్లే ఇస్తుంది. కేకు పొంగలేదని మైదాని తిట్టుకుంటాం. భయపడాల్సింది రెండో వైపుకి, అంటే వోల్టేజి పెరగడానికి. స్తంభం దగ్గర న్యూట్రల్ పోయి లైట్లు ఒక గదిలో మండిపోతూ ఇంకో గదిలో మినుకుమంటే, మెయిన్ ఆపేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోను చెయ్యాలి.

లైను లాగే ముందు మీటరు మొహం కూడా చూడండి. 5-30 ఆంప్స్ అని ఉంటే దాని గరిష్ఠం 30, సుమారు 6900 వాట్లు. ఏసీ 1700, గీజరు 2000, మోటారు 750, ఈ ఓవెన్ 3500 ఒకేసారి నడిస్తే 7950. అలాంటప్పుడు కరెంటు కంపెనీకి, అంటే నెల్లూరువాళ్ళు ఎస్.పి.డి.సి.ఎల్.కి, ఒంగోలువాళ్ళు సి.పి.డి.సి.ఎల్.కి, అదనపు లోడు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. ఇన్వర్టర్ లైను మీద ఓవెన్ పెట్టమని అడక్కండి, అది ఫ్యాన్లకీ లైట్లకీ.

అక్క ఇంట్లో పని ఒకటిన్నర రోజు పట్టింది. డి.పి. స్విచ్చుని ఓవెన్ వెనక పెట్టకుండా పక్క అలమరలో, సింకుకి దూరంగా, చెయ్యి చాపితే అందేచోట పెట్టాం. వెనక పెడితే వేడికి మాడుతుంది, అవసరమైనప్పుడు అందదు కూడా. ఓవెన్ వెనకాల టెర్మినల్ దగ్గర వేడి తట్టుకునే తీగే వాడాం. మొదటిసారి ఖాళీ ఓవెన్ని 250 డిగ్రీల మీద గంటన్నర కాల్చి, మెయిన్ ఆపి, బోర్డు విప్పి, ప్రతి స్క్రూ దగ్గరా వేలితో తాకి చూశాను. న్యూట్రల్ స్క్రూ ఒకటి మిగతావాటి కంటే వేడిగా తగిలింది. పావు చుట్టు తిరిగింది. బిగించి మళ్ళీ గంట కాల్చాం. అక్క డీబీలో కొత్త ట్రిప్పర్ కింద స్కెచ్ పెన్నుతో "కేకు" అని రాసి, "నెల రోజులకి మళ్ళా వచ్చి ఆ మరలు బిగిచ్చి పోరా" అంది. నెలకి పోయాను, ఈసారి ఏదీ తిరగలేదు.